ఇద్దరు టీచర్లు, అయిదు తరగతులు: మన సీమ బడికి ఏ పద్ధతి నప్పుతుంది?

మెగా డీఎస్సీలో గెలిచి కర్నూలు, అనంతపురం, కడప పల్లెల్లో ఎస్జీటీలుగా, అంటే ప్రాథమిక తరగతుల టీచర్లుగా, చేరిన కొత్తవాళ్లు చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ మీటింగుల్లో పక్కకు పిలిచి అడిగేది దాదాపు ఒకటే. టీచరు కోర్సు డీఎడ్‌లో చదివింది ఒక తీరు, ట్రైనింగులో చెప్పింది ఇంకో తీరు, తీరా బడికొస్తే ఎదురుగా కూర్చున్న పిల్లలు మరో తీరు. దేన్ని పట్టుకోవాలి? కృత్యాధార బోధన, శిశుకేంద్రిత విద్య, నిర్మాణాత్మక వాదం, ఎఫ్ఎల్ఎన్ (చదవడం, లెక్కల పునాది) అంటూ పేర్లు మాత్రం కావలసినన్ని ఉన్నాయి. కొత్త పేరు వచ్చినప్పుడల్లా గోడమీద చార్టులు మారుతుంటాయి.

నా జవాబు ముందే చెప్పేస్తాను, తీరిక లేనివాళ్లు ఇక్కడితో ఆపేయొచ్చు. బడిలో ఇద్దరే టీచర్లుండి, పిల్లలు నెలల తరబడి కనబడకుండా పోయే ఊరైతే ఒకటి రెండు తరగతులకు కార్డుల నిచ్చెన పెట్టండి, అంటే పాఠాలను వరస కార్డులుగా విడగొట్టి ఎవరి వేగంతో వాళ్లు ఎక్కేలా చేయండి. మూడు నుంచి అయిదు తరగతుల్లో చదవడం రానివాళ్లు ఎక్కువుంటే రోజుకో గంట తరగతిని పక్కనపెట్టి, ఎంత వచ్చో దాన్నిబట్టి స్థాయివారీ గుంపులు కట్టండి. తరగతికో టీచరు ఉన్న బడిలో పాఠ్యపుస్తకమే చాలు, దాన్ని బతికించి చెప్పగలిగితే. ప్రాజెక్టులు ప్రతి బడిలోనూ ఉండాలి గానీ, చదవడం, రాయడం నేర్పే భారం వాటిమీద వేయకండి. ఇలా ఎందుకంటున్నానో మిగతా అంతా.

మొదట కాలం లెక్క

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక తరగతులకు ఏడాదికి కనీసం 200 పనిదినాలు, 800 బోధన గంటలు. అంటే రోజుకు 4 గంటలు. పిల్లలు 60 మంది దాకా ఉంటే ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 దాకా ముగ్గురు. మన పల్లెల్లో మొదటి రకం బడులే ఎక్కువ కాబట్టి దాన్నే చూద్దాం. ఇద్దరూ ఒక్క నిమిషం కూడా పోనీయకుండా చెప్పారనుకోండి, రోజుకు 480 నిమిషాలు. అయిదు తరగతులకు పంచితే ఒక్కో తరగతికి 96. తెలుగు, ఇంగ్లిష్, లెక్కలు, పరిసరాల విజ్ఞానం అని నాలుగుగా కోస్తే సబ్జెక్టుకు 24 నిమిషాలు. యాప్‌లో హాజరు, మధ్యాహ్న భోజనం ఫొటోలు, గుడ్ల లెక్క, అడపాదడపా ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసు నుంచి వచ్చే అర్జెంటు ఫార్మాట్లు, ఇవన్నీ ఆ 24లోంచే పోవాలి. రెండో టీచరు సెలవు పెట్టిన రోజు సంగతి చెప్పనక్కర్లేదు.

తరగతికి టీచరు దొరికేది 96 నిమిషాలైతే, మిగతా దాదాపు రెండున్నర గంటలు ఆ పిల్లలు ఏం చేస్తారు? "ఎక్కాలు రాసుకోండి", "పాఠం చూసి రాయండి" అంటాం. పొద్దున రాసిందే మధ్యాహ్నం, ఇవాళ రాసిందే రేపు. అందుకే ఏ పద్ధతి గురించి ఎవరు గొప్పగా చెప్పినా నేను అడిగేవి రెండే. టీచరు తమవైపు చూడనప్పుడు పిల్లలు ఏం చేస్తారు? రెండు నెలలు రాని పిల్లవాడు తిరిగొస్తే ఎక్కడ మొదలుపెడతాడు? మిగతా ప్రశ్నలన్నీ వీటి తర్వాతే.

పోల్చడానికి ఒక చిన్న తప్పును చేతిలో పెట్టుకుందాం. 42 లోంచి 17 తీసేయమంటే మూడో తరగతిలో చాలామంది 35 వేస్తారు. 2 లోంచి 7 పోదు కాబట్టి తిరగేసి 7 లోంచి 2 తీసేస్తారు, పక్కన 4 లోంచి 1 తీసేస్తారు. అజాగ్రత్త వల్ల వచ్చిన తప్పు కాదిది. ఆ పిల్లవాడికి 42 అంటే నాలుగు పదులు, రెండు ఒకట్లు అని తెలియదు, పక్కపక్కన ఉన్న రెండు అంకెలుగానే కనిపిస్తుంది. ఏ పద్ధతిలో ఈ తప్పు ఎలా బయటపడుతుందో, ఎలా పోతుందో చూస్తే చాలా సంగతులు తెలుస్తాయి.

పాఠ్యపుస్తకం, వర్క్‌బుక్

దీన్ని పాత పద్ధతని తీసిపారేయడం ఫ్యాషనైంది గానీ దీని బలాలు దీనికున్నాయి. ప్రతి పిల్లవాడి చేతికీ అందుతుంది. ఒక పేజీ ఇంగ్లిష్‌లో, ఎదుటి పేజీ తెలుగులో ఉండే ద్విభాషా పుస్తకాలు వచ్చాక అమ్మానాన్నలకూ కొంత అర్థమవుతోంది. ఏడాదిలో మధ్యమధ్య పెట్టే ఎఫ్ఏ, చివర్లో పెట్టే ఎస్ఏ పరీక్షలు దాని నుంచే వస్తాయి. మీరు సెలవులో ఉంటే పక్క టీచరు ఏ పేజీలో ఆగారో చూసి కొనసాగించగలరు.

చిక్కంతా ఎక్కడంటే, తరగతిలో అందరూ ఒకే పేజీలో ఉన్నారని పుస్తకం నమ్ముతుంది. బోర్డు మీద 42 − 17 వేసి "2 లోంచి 7 పోదు, పక్కింటికి పోయి ఒకటి అప్పు తెచ్చుకో" అని చెప్తాం. పిల్లలు 25 అని దించుకుంటారు. 35 వేసినవాడి నోట్‌బుక్కులో ఎర్ర ఇంకు పడుతుంది, వాడు కూడా 25 అని దిద్దుకుంటాడు, మర్నాడు కొత్త పాఠం. తరగతికో టీచరు ఉంటే ఇక్కడ ఆగి, వాడి పక్కన కూర్చుని, ఎలా వేశావో చెప్పరా అని అడగొచ్చు. సబ్జెక్టుకు 24 నిమిషాలే దొరికి, రెండు మూడు తరగతులు చూసుకునే టీచరుకు అంత వీలుండదు.

2025లో, టీచర్లను, తరగతులను బడుల మధ్య సర్దిన పాత ఉత్తర్వు జీవో 117ను పక్కనపెట్టి బడులను మళ్లీ సర్దినప్పుడు మోడల్ ప్రైమరీ స్కూళ్లు వచ్చాయి, ఒకటి నుంచి అయిదు దాకా తరగతికో టీచరు ఉండే లెక్కన. మీ పోస్టింగు అలాంటి బడిలో పడితే ఈ వ్యాసంలో సగం మీకు అక్కర్లేదు. పుస్తకాన్ని పట్టుకుని, కింద చెప్పే ఆరు సూత్రాలు అద్దుకుంటే సరిపోతుంది.

ఆరు సూత్రాల బడి

యాభై దాటిన టీచర్లను కదిలిస్తే ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం గురించి చెప్తారు. బ్రిటన్ సాయంతో 1984లో ప్రయోగంగా మొదలై, 1989 నుంచి రాష్ట్రమంతా విస్తరించింది. టీచరు తానే కృత్యాలు తయారుచేసుకోవడం, పిల్లలు చేస్తూ కనుక్కుంటూ నేర్చుకోవడం, ఒంటరిగా, గుంపుగా, తరగతిగా పనిచేయడం, పిల్లల మధ్య తేడాలకు చోటివ్వడం, ఊరి పరిసరాలను వాడుకోవడం, పిల్లల పనులను ప్రదర్శించి గదిని కళగా ఉంచడం. ఇవీ ఆ ఆరు. ఈరోజు ఏ ట్రైనింగులో ఏ కొత్త పేరుతో చెప్పినా తిరిగి తిరిగి ఈ ఆరింటి దగ్గరికే వస్తారు.

ఈ ఆలోచన అంతకుముందు చాలా చోట్ల తిరిగింది. 1937లో వార్ధాలో గాంధీ ప్రతిపాదించిన నయీ తాలీంలో చేతిపని చుట్టూ చదువు అల్లారు. అంతకు నలభై ఏళ్ల ముందే, 1896లో, షికాగోలో అమెరికా విద్యావేత్త జాన్ డ్యూయీ పెట్టిన ప్రయోగశాల బడిలో పిల్లలు వంట, నేత, వడ్రంగం పనుల ద్వారా లెక్కలు, సైన్సు నేర్చుకున్నారు. వినడానికి ఎంత బాగుంటుందో! అయితే 1903 నాటికి ఆ బడిలో 140 మంది పిల్లలకు 23 మంది టీచర్లు, వాళ్లకు తోడు 10 మంది విశ్వవిద్యాలయ సహాయకులు. అదే 140 మందికి మన చట్టం ఇచ్చేది అయిదుగురిని. డ్యూయీని చదవండి, తప్పకుండా చదవండి, ఆ అంకె మాత్రం మరవకుండా చదవండి.

ఆరు సూత్రాలు మనసుకు నచ్చుతాయి, కానీ రేపు పొద్దున తొమ్మిదింటికి ఏ పిల్లవాడికి ఏం ఇవ్వాలో చెప్పవు. అదంతా టీచరు సాయంత్రాలు కూర్చుని తయారుచేసుకోవాలి. గుంపుల్లో ఇంకో తంటా. ఆరుగురిని గుండ్రంగా కూర్చోబెట్టి చీపురుపుల్లల కట్టలిచ్చి 42 లోంచి 17 తీయమనండి. చురుకైన పిల్ల ఒకతె పదుల కట్ట విప్పి, లెక్కపెట్టి, 25 అంటుంది. మిగతా అయిదుగురూ 25 అంటారు. దూరం నుంచి చూసేవాళ్లకు గుంపు పని అద్భుతంగా జరుగుతున్నట్టే ఉంటుంది. ఇద్దరిద్దరికి ఒక కట్టల జత ఇచ్చి, "నువ్వు విప్పు, నువ్వు రాయి" అని పని పంచితే ఇది చాలావరకు పోతుంది. మన దగ్గర పుల్లలకు కరువా? జొన్నదంట్లు, కందికట్టె ముక్కలు, చెనక్కాయ గింజలు, ఏవైనా సరే.

కార్డుల నిచ్చెన

దీనిమీద ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఇది మన సీమలోనే పుట్టింది, మనమే తక్కువగా వాడుకున్నాం. జిడ్డు కృష్ణమూర్తి పుట్టిన మదనపల్లెకు దగ్గర్లోని రిషీ వ్యాలీలో, పెద్ద బడికి చుట్టుపక్కల పల్లెల పిల్లల కోసం 1980ల్లో ఒకే టీచరు నడిపే చిన్న బడులు పెట్టారు. ఒక గది, ఒక టీచరు, అన్ని వయసుల పిల్లలు. తరగతులుగా విడదీసి చెప్పడం కుదరని ఆ చోట, పాఠ్యపుస్తకాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, ఒక క్రమంలో పేర్చి, దాన్ని నిచ్చెనలా గోడకు పెట్టారు. దాన్నే బహుళ తరగతి, బహుళ స్థాయి పద్ధతి అంటున్నారు. అక్కడికి వెళ్లి చూసొచ్చిన మైసూరు జిల్లా హెచ్‌డీ కోటె టీచర్లు 1995లో నలి కలి మొదలుపెట్టారు, తర్వాత అది కర్ణాటక సర్కారు బడులన్నిటికీ పాకింది. చెన్నై కార్పొరేషన్ బడులు 2003లో అందుకున్నాయి, 2007కల్లా తమిళనాడంతా వెళ్లింది. మన హద్దు దాటితే వచ్చే బళ్లారి, పావగడ పల్లెల్లో పిల్లలు చాలా ఏళ్లు ఈ కార్డులతోనే చదువుకున్నారు.

పని ఎలా జరుగుతుందంటే, ప్రతి కార్డు మీద ఒక బొమ్మ, ఒక నంబరు ఉంటాయి. కుందేలు, ఏనుగు, చిలుక ఇలా. పిల్లవాడు రాగానే గోడమీది నిచ్చెనలో నిన్న తానెక్కడ ఆగాడో చూసుకుంటాడు. అరలోంచి తర్వాతి కార్డు తీసుకుంటాడు. బొమ్మను బట్టి ఏ గుంపులో కూర్చోవాలో తెలుస్తుంది. ఒక గుంపుకు టీచరు పూర్తిగా తోడుంటారు, ఒకదాన్ని అప్పుడప్పుడు చూస్తారు, ఒకదాంట్లో పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు చెప్తారు, ఇంకోదాంట్లో ఎవరి పని వాళ్లదే. కొత్త విషయం ఉన్న కార్డు టీచరు గుంపులోకి వస్తుంది. అభ్యాసం కార్డులు మిగతా గుంపుల్లోకి పోతాయి. కొన్ని కార్డులు దాటాక ఒక పరీక్ష కార్డు. అందులో తడబడితే సవరణ కార్డులు, నెగ్గితే ఆటలాంటి అదనపు కార్డు, ఆపైన తర్వాతి మెట్టు.

మొదటి ప్రశ్నకు ఇక్కడ సూటి జవాబు దొరుకుతుంది. టీచరు చూడనప్పుడు ఏం చేయాలో పిల్లవాడి చేతిలోని కార్డే చెప్తుంది.

రెండో ప్రశ్న మనకు ఇంకా ముఖ్యం. కోసిగి, మంత్రాలయం, పెద్దకడబూరు, ఆదోని వైపు దీపావళి దాటాక ఊళ్లు ఖాళీ అవుతాయి. సుగ్గికి, అంటే కోతల కూలికి, వలసపోయే కుటుంబాలు గుంటూరు వైపు మిరప, పత్తి కోతలకు పిల్లల్ని వెంటేసుకునే వెళ్తాయి. సీజనల్ హాస్టళ్లు పెట్టిన చోట కొందరు ఆగుతారు, అందరూ ఆగరు. ఉగాదికి తిరిగొచ్చిన పిల్లవాడికి పాఠ్యపుస్తకం బడిలో పది పాఠాలు దాటిపోయి ఉంటాయి. వాడు వెనక బెంచీలో కూర్చుని ఆ ఏడాది అలా గడిపేస్తాడు, మరుసటి ఏడాది రావడం మానేస్తాడు. నిచ్చెన బడిలో వాడు వదిలేసిన కార్డు ఆ అరలోనే ఉంటుంది. రెండు మెట్లు కిందికి దిగి మళ్లీ ఎక్కుతాడు. ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు.

అక్షరాల క్రమం కూడా ఇందులో వేరుగా పెట్టుకోవచ్చు. అ ఆ ఇ ఈ నుంచి క్ష దాకా మొత్తం దిద్దించాకే పదాల్లోకి పోయే అలవాటు మనది. ఆ దిద్దుడులోనే నెలలు గడిచిపోతాయి, పిల్లవాడు ఈలోగా ఒక్క పదం చదవడు. దాని బదులు ప, ల, క, త, వ అని అయిదక్షరాలు మొదటి మెట్టుకు పెట్టండి. పలక, తల, వల, కల, లత, కలత అన్నీ మొదటి వారాల్లోనే చదివేస్తాడు. చదవగలనని తెలిసిన పిల్లవాడి ముఖం చూస్తే మీకే హుషారొస్తుంది.

42 − 17 ఇక్కడ ఏమవుతుంది? పదుల కట్టలు విప్పే కార్డు, బొమ్మ గీసే కార్డు, అంకెలతో వేసే కార్డు వరసగా ఉంటాయి. 35 వేసినవాడు పరీక్ష కార్డు దగ్గర ఆగిపోతాడు, సవరణ కార్డు మళ్లీ పుల్లల దగ్గరికి పంపుతుంది. తప్పు దాక్కోవడానికి చోటుండదు.

ఇక లోపాలు. కార్డులు పోతాయి, నలుగుతాయి, మేకలు తింటాయి కూడా. ఒక మెట్టులో రెండు కార్డులు లేకపోతే నిచ్చెన అక్కడే తెగిపోతుంది. కొన్ని బడుల్లో టీచరు కార్డులిచ్చే గుమాస్తాగా మిగిలిపోతారు, గదంతా నిశ్శబ్దంగా ఎవరి కార్డు వాళ్లు నింపుకుంటుంటారు, మాటా పాటా ఉండవు. ఇది చాలా పెద్ద లోపం. పిల్లలు భాష నేర్చుకునేది మాటల్లో. రోజూ అరగంట అందరినీ కలిపి కూర్చోబెట్టి కథ చెప్పడం, చెప్పించడం లేకపోతే నిచ్చెన ఒట్టి వర్క్‌బుక్ అవుతుంది. పై మెట్టుకు పరుగెత్తాలనే ఆరాటంలో పక్కవాడిది చూసి రాసేవాళ్లూ ఉంటారు. అందుకే పరీక్ష కార్డు మీ ఎదుటే చేయించాలి. ఇంకా, ఎఫ్ఏ పేపరు మీ నిచ్చెన కోసం ఆగదు. పరీక్షకు రెండు వారాల ముందు పుస్తకంలోని నమూనా ప్రశ్నలు చేయించక తప్పదు, ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

స్థాయివారీ గుంపులు

ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ రూపొందించిన పద్ధతి ఇది. మూడు, నాలుగు, అయిదు తరగతుల పిల్లలను ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి చదివిస్తారు: అక్షరాలు, పదాలు, చిన్న పేరా, కథ. లెక్కల్లో అంకెలు, రెండంకెల సంఖ్యలు, తీసివేత, భాగహారం. ఎక్కడ ఆగితే అదే స్థాయి. తరగతిని పక్కనపెట్టి స్థాయిని బట్టి గుంపులు కట్టి, రోజుకో గంట, గంటన్నర దానికే కేటాయిస్తారు. ఆ తర్వాత ఎవరి తరగతికి వాళ్లు.

దీనిమీద జరిగినన్ని పరిశోధనలు మరో పద్ధతి మీద మన దేశంలో జరగలేదేమో. 2019 ఆర్థిక నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం ఏళ్ల తరబడి పరీక్షించింది. వాటిలో నాకు పనికొచ్చిన విషయం ఒకటి చెప్తాను. హర్యానాలో రోజులో ఒక గంటను విడిగా దీనికే కేటాయించి, క్లస్టర్ సిబ్బంది వచ్చి చూస్తూ తోడున్న చోట పిల్లల చదువు మెరుగుపడింది. బీహార్, ఉత్తరాఖండ్‌లలో సర్కారు టీచర్లకు ట్రైనింగు, సామగ్రి మాత్రం ఇచ్చి వదిలేసిన చోట పెద్దగా మారిందేమీ లేదు. కాబట్టి కిట్టు వచ్చిందని సంతోషపడకండి. టైంటేబుల్లో గంట ఉందా, దాన్ని ఎవరూ లాక్కోకుండా ఉన్నారా, అది చూసుకోండి.

35 వేసిన పిల్లవాడు ఇక్కడ మొదటి రోజే దొరికిపోతాడు. ఒక్కణ్నే కూర్చోబెట్టి చేయిస్తారు కాబట్టి ఎలా వేశాడో కళ్లముందే కనబడుతుంది. ఆ పరీక్ష ఒక్కటే అయినా ప్రతి టీచరూ జూన్‌లో చేయాలంటాను, ఏ పద్ధతి ఎంచుకున్నా.

ఇబ్బంది పిల్లవాడి ఆత్మాభిమానం దగ్గర వస్తుంది. అయిదో తరగతి పిల్లవాడు మూడో తరగతి వాళ్లతో అక్షరాల గుంపులో కూర్చోవాలి. గుంపులకు మల్లె, గులాబీ, చామంతి అని పేర్లు పెడతాం. మల్లె అంటే రానివాళ్లని రెండో రోజుకే ఊరంతా తెలిసిపోతుంది. దీనికి నాకు తెలిసిన మందు ఒకటే, గుంపులు తరచుగా మారాలి. నెల తిరిగేలోగా మళ్లీ పరీక్ష పెట్టి పైకి జరపాలి. ఏడాదంతా అదే గుంపయితే అది మొద్దుల బెంచీకి కొత్త పేరే. ఇంకో సంగతి, ఇది చదవడం, లెక్కల వరకే. రోజంతా ఇదే నడిపితే సైన్సు లేదు, ఊరు లేదు, బొమ్మలు లేవు. పిల్లలందరికీ చదవడం, లెక్కలు రావాలని కేంద్రం 2021 జూలైలో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ గడువు 2026–27 దగ్గరపడటంతో చాలా బడుల్లో ఈ గంట సాగి సాగి మధ్యాహ్నం దాకా పోతోంది. దాన్ని ఆపండి.

మాట వచ్చింది కాబట్టి, నిమిషానికి ఇన్ని పదాలు చదవాలి అనే కొలత తెలుగుకు సరిగ్గా కుదరదు. "వెళ్లిపోతున్నారేమో" అన్నది మనకు ఒకే పదం, హిందీలో అది మూడు నాలుగు ముక్కలు. తక్కువ పదాలు చదివాడని పిల్లవాణ్ని కింది గుంపులో వేయకండి, అర్థమైందా లేదా అడగండి.

ఊరే పాఠమైన మధ్యాహ్నాలు

ప్రాజెక్టు అంటే థర్మాకోల్ షీటు మీద ఇల్లు అతికించడం అని మన దగ్గర అర్థం మారిపోయింది. దాన్ని చేసేది కూడా అమ్మలే. నేననేది వేరు. ఒక ఖాళీ నీళ్ల బాటిల్ పైభాగం కోసి, బోర్లించి గరాటులా పెట్టండి. అడుగు వంకరగా ఉంటుంది కాబట్టి కొంచెం ఇసుక, సిమెంటు పోసి చదును చేసి, పక్కన స్కేలు అతికించండి. వానమాపకం తయారైంది. నాలుగు, అయిదు తరగతుల పిల్లలు వాన పడ్డ ప్రతిరోజూ చూసి ఒక పుస్తకంలో రాయాలి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోయే అనంతపురం జిల్లాలో ఈ పుస్తకాన్ని ఊళ్లో రైతులు కూడా అడిగి చూస్తారు. మొన్న 42 మిల్లీమీటర్లు, నిన్న 17, తేడా ఎంత? 35 అన్న పిల్లను "17కు 35 కలిపితే ఎంతవుతుంది?" అని పక్కనున్న పిల్లే అడుగుతుంది. తప్పు ఉందని తెలుస్తుంది. ఎలా సరిదిద్దుకోవాలో మాత్రం వానమాపకం నేర్పదు, దానికి మళ్లీ పుల్లల కట్టలు కావాలి. ప్రాజెక్టు బలం, బలహీనత రెండూ ఇందులోనే ఉన్నాయి.

ధర్మవరం మగ్గాల్లో పోగులు లెక్కపెట్టడం, కడప బండల కొలతలు, సంతలో తూకాలు, ఇలా ఎక్కడి పని అక్కడ దొరుకుతుంది. బడిలోనే చిన్న సంత పెట్టి పిల్లలతో కొలిపించే మెట్రిక్ మేళా కూడా మంచిదే. వారానికి ఒక మధ్యాహ్నం చాలు.

ఇది ఎక్కడ అన్నిటికంటే మిన్న అంటే, ఇంట్లో తెలుగు మాట్లాడని పిల్లల దగ్గర. ఆదోని, రాయదుర్గం, మడకశిర వైపు కన్నడం, కడప, కర్నూలు పట్టణాల్లో ఉర్దూ, తండాల్లో సుగాలి భాష. వీలైనంత వరకు మాతృభాషలో చెప్పాలని విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ అంటుంది. కార్డులు, పుస్తకాలు, స్థాయి పరీక్షలు అన్నీ మాత్రం తెలుగులోనే వస్తాయి. అక్షరాల గుంపులో కూర్చున్న తండా పిల్లకు అక్షరం రాక కాదు, ఆ పదమే ఎప్పుడూ వినక తడబడుతుండొచ్చు. చేతిలో వస్తువు ఉండి, దాని గురించి మొదట తన భాషలో, తర్వాత తెలుగులో మాట్లాడే అవకాశం ఇస్తే ఆ తడబాటు పోతుంది. మీకు ఆ భాష రాకపోతే అయిదో తరగతి పిల్లలే దుబాసీలు.

పక్క ఊరి కాన్వెంటు బస్సు

ఏ పద్ధతి పెట్టినా అమ్మానాన్నలు అడుగుతారు: "నోట్‌బుక్కు ఖాళీగా ఉంది, ఆడుకుంటున్నారంట, కాన్వెంటులో వేద్దామా?" కసురుకోకండి, వాళ్ల టెన్షన్ వాళ్లది. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రాయలసీమతో సహా అయిదు జిల్లాల్లో, 180 పల్లెల్లో చేసిన అధ్యయనం గురించి చెప్పండి. లాటరీ తీసి కొందరు సర్కారు బడి పిల్లలకు ప్రైవేటు ఫీజు కట్టి పంపారు. నాలుగేళ్ల తర్వాత చూస్తే తెలుగులో, లెక్కల్లో వాళ్లకూ, లాటరీ తగలని పిల్లలకూ తేడా లేదు. హిందీలో మాత్రం ప్రైవేటు పిల్లలు బాగా ముందున్నారు, అక్కడ దానికి టైమిచ్చారు కాబట్టి. అదే అధ్యయనంలో ఇంకో మాట కూడా ఉంది, దాన్ని మనం దాచుకోకూడదు: ప్రైవేటు బడి ఒక్కో పిల్లవాడి మీద పెట్టే ఖర్చు సర్కారు ఖర్చులో మూడో వంతు కంటే తక్కువ.

తల్లిదండ్రులు బడికొచ్చే మెగా పీటీఎంలో మార్కుల కంటే మెట్టు చూపించండి. "మీ వాడు జూన్‌లో ఇక్కడున్నాడు, ఇప్పుడిక్కడ" అని గోడమీద వేలు పెట్టి చూపించి, వాడిచేత ఒక పేరా చదివించండి.

మీ బడి ఏ రకం?

సుగ్గి వలస ఉన్న ఇద్దరు టీచర్ల బడి: ఒకటి, రెండు తరగతులు ఒకరు నిచ్చెనతో, మూడు నుంచి అయిదు ఇంకొకరు స్థాయివారీ గంటతో నడపాలి. తిరిగొచ్చిన పెద్ద పిల్లలను కూడా ఉగాది తర్వాత ఆ గంటలోకే తీసుకోండి. అన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. మొదటి ఏడాది లెక్కల కార్డులు మాత్రం చేసుకోండి, తెలుగు తర్వాతి ఏడాది. అట్టలు, రంగులకు స్కూల్ గ్రాంటు సరిపోకపోతే కాంప్లెక్స్‌లోని నాలుగైదు బడులు కలిసి ఒకే నిచ్చెన గీసుకుని, కార్డుల పని పంచుకుంటే భారం తగ్గుతుంది.

రెండు తరగతులే ఉన్న ఫౌండేషన్ స్కూలు: నిచ్చెన, కథలు, ఆటలు. స్థాయి గుంపులు ఇక్కడ వద్దు.

తరగతికో టీచరు ఉన్న బడి: పుస్తకం, ఆరు సూత్రాలు, జూన్‌లో ఒక్కొక్కరికీ విడిగా పరీక్ష. వెనకబడ్డవాళ్లు తరగతిలో మూడోవంతు దాటితేనే స్థాయివారీ గంట పెట్టండి.

పట్టణంలో ఉర్దూ, కన్నడ పిల్లలు కలిసిన మున్సిపల్ బడి: మొదటి ఆరునెలలు మాటకు ఎక్కువ టైమివ్వండి, వారానికి రెండు మధ్యాహ్నాలు ప్రాజెక్టుకు. నిచ్చెన పెట్టినా కార్డు మీద బొమ్మ ఉన్నవే ముందు పెట్టండి.

ఏది పెట్టినా ఒక రిజిస్టరు రాయండి: పిల్లవాడి పేరు, ఇంటి భాష, ఏ మెట్టు, ఏ తేదీన దాటాడు, ఊరు వదిలి వెళ్తే ఎప్పుడు, ఎక్కడికి. బదిలీ వచ్చిన రోజు ఆ రిజిస్టరును, కార్డుల పెట్టెను కొత్తగా వచ్చే టీచరుకు చూపించి, ఎలా వాడాలో ఒక పూట కూర్చుని చెప్పి, సంతకం తీసుకుని అప్పజెప్పండి.